వేగమా, డ్రైవర్ తప్పా?

రోడ్డు ప్రమాదానికి అసలు కారణం వేగమా, నడిపేవాడి తప్పా? బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలో ఈ వాదన తరచూ లేస్తుంది. పొద్దున పేపర్లో ఒక ప్రమాదం వార్త పడుతుంది, సాయంత్రం టీ వేళకు రెండు పక్షాలు తయారవుతాయి. ‘‘వందలో పోతే ఇంకేమవుతుంది మరి?’’ అని ఒకరంటారు. ‘‘స్పీడ్‌దేముంది బావా, బండి చేతిలో ఉండాలి. బ్రేక్ ఎప్పుడు వెయ్యాలో తెలియనివాడు నలభైలో పోయినా గుద్దుతాడు’’ అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయినా వాదన తెగదు. ఎందుకు తెగదో ఓపిగ్గా విప్పి చూడాలి.

కర్గీ రోడ్ అన్నది స్టేషన్ పేరు. ఊరు పేరు కోటా. బిలాస్‌పూర్ నుంచి కట్నీ పోయే లైన్ మీద, జంక్షన్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఊరికి ఒక పక్క రతన్‌పూర్ మహామాయ గుడికి దారి, ఇంకో పక్క అచానక్‌మార్ అడవి గుండా అమర్‌కంటక్ వైపు దారి. డాక్టర్ సి.వి. రామన్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది, రోజూ బైకుల మీద వచ్చిపోయే పిల్లలు ఎక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు ఈ లైన్లనే నమ్ముకుని బతికాయి. గ్యాంగ్‌మన్ కొడుకు గార్డయ్యాడు, గార్డు కొడుకు లోకో పైలట్ అయ్యాడు. ఈ ప్రశ్నను ఇక్కడి నుంచి అడగడంలో ఒక లాభం ఉంది. డ్యూటీలో ఉన్నంతసేపు మనిషి తప్పు గురించి ఒక రకంగా ఆలోచించేవాళ్ళు, డ్యూటీ దిగి బైకెక్కగానే ఇంకో రకంగా ఆలోచిస్తారు. ఆ తేడాకు తర్వాత వస్తాను.

ముందు ప్రభుత్వ లెక్క. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ప్రమాదాల్లో 72.3 శాతానికి, మరణాల్లో 71.2 శాతానికి అతివేగమే కారణమని అందులో ఉంది. రాంగ్ సైడ్ నడపడం వల్ల జరిగినవి 5 శాతం లోపే. చదవగానే తీర్పు వచ్చేసినట్టు అనిపిస్తుంది. కానీ ఆ 72 శాతం ఎక్కడ పుడుతుందో చూస్తే అంత తేలిగ్గా నమ్మలేం.

పోలీసు అక్కడికి చేరేసరికి బండ్లు ఆగిపోయి ఉంటాయి. గుద్దిన క్షణంలో ఏ బండి ఎంతలో పోతోందో కొలిచిన పరికరం మన జిల్లా రోడ్ల మీద సాధారణంగా ఉండదు. చుట్టూ చేరినవాళ్ళు ‘చాలా స్పీడ్‌గా వచ్చాడు’ అంటారు. నిర్లక్ష్యంగా నడిపినందుకు పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 279, మనిషి పోతే 304-ఏ ఉండేవి; 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 281, 106 వచ్చాయి. ఆ సెక్షన్లకు తగ్గట్టు రాయాలి కాబట్టి హిందీ ఎఫ్‌ఐఆర్‌లో ‘తేజ్ గతి ఏవం లాపర్వాహీ పూర్వక్’ అని పడుతుంది, మన వైపు ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అని పడుతుంది. వేగం, తప్పు రెండూ ఒకే వాక్యంలో జంటగా వచ్చేస్తాయి. కొలవకుండానే రెండూ రుజువైనట్టు కనిపిస్తాయి. ఇలాంటి కాగితాలు లక్షల్లో కూడితే వచ్చేదే ఆ శాతం. వేగం పాత్ర తక్కువని నేననడం లేదు. వేగాన్ని, తప్పును విడదీసి చూపే శక్తి ఆ అంకెకు లేదంటున్నాను.

‘తప్పు’ పక్షం వాళ్ళ దగ్గరా ఒక పెద్ద అంకె ఉంది. అమెరికా జాతీయ రహదారి భద్రత సంస్థ 2015లో ఒక నివేదిక వేసింది. నూటికి 94 ప్రమాదాల్లో ఆఖరి కారణం డ్రైవర్ దగ్గర తేలిందని దాని సారాంశం. ప్రపంచమంతా ఆ 94ను పట్టుకుంది. ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది, దాన్ని చాలామంది వదిలేశారు. ప్రమాదానికి దారితీసిన వరుసలో చిట్టచివరి సంఘటనను మాత్రమే అలా లెక్కించారు. దాన్ని ప్రమాదానికి కారణమని గానీ, డ్రైవర్‌దే దోషమని గానీ అనుకోకూడదని వాళ్ళే రాసుకున్నారు. చివరి క్షణంలో స్టీరింగ్ పట్టుకుని ఉండేది డ్రైవరే కాబట్టి, చివరి లింకును వెతికిన ప్రతిసారీ అతనే దొరుకుతాడు. ఐఐటీ ఢిల్లీలో దశాబ్దాలపాటు రోడ్డు భద్రత మీద పనిచేసిన దినేశ్ మోహన్ కూడా, డ్రైవర్ మీద నెపం వేసి రోడ్డునూ బండినీ వదిలేసే అలవాటుతో జీవితాంతం పోట్లాడారు.

రెండు పెద్ద అంకెలనూ పక్కన పెట్టి, ఒక్క చోట నిలబడి చూద్దాం.

శ్రావణ మాసం, రాత్రి ఎనిమిది దాటింది. బిలాస్‌పూర్ నుంచి గనియారీ మీదుగా కోటా వచ్చే రోడ్డు. రెండు పక్కలా వరి మడులు. నాట్ల తర్వాత పశువులను చేలలోకి రానివ్వకూడదన్నది ఛత్తీస్‌గఢ్ పల్లెల పాత కట్టుబాటు, దాన్ని ‘రోకా-ఛేకా’ అంటారు. 2020లో అప్పటి ప్రభుత్వం దాన్ని ఉద్యమంగా కూడా నడిపింది. కట్టేసే చోటు, మేపే మనిషి లేని పశువులు చేలోంచి తరిమితే రోడ్డెక్కుతాయి. నేలంతా బురద, తారు ఒక్కటే పొడిగా, వెచ్చగా ఉంటుంది. బండ్ల గాలికి దోమలు కాస్త తగ్గుతాయి. అక్కడే పడుకుంటాయి. హైకోర్టు ఉన్న ఊరు బిలాస్‌పూరే. రోడ్ల మీది పశువుల సంగతి ఆ కోర్టు ముందుకు పలుమార్లు వచ్చింది.

ఎదురుగా బండ్లు వస్తుంటే లైట్లు డిప్పర్‌లో పెడతాం. అప్పుడు దారి కనిపించేది దాదాపు 40-50 మీటర్లు. నల్లటి గేదె ఒకటి నడిరోడ్డు మీద పడుకుని ఉందనుకుందాం, కారు దీపం దాని మీద పడేసరికి దూరం 48 మీటర్లు.

60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 16.7 మీటర్లు పోతుంది. కన్ను చూసి, అది గేదె అని మనసుకు తట్టి, కాలు యాక్సిలరేటర్ మీంచి లేచి బ్రేక్ మీద పడడానికి చురుకైన మనిషికి కూడా ఒకటిన్నర సెకను పడుతుంది. అంటే 25 మీటర్లు బ్రేక్ పడకుండానే గడిచిపోతాయి. రోడ్డు పొడిగా, టైర్లు బాగుంటే మిగతా 23 మీటర్లలో బండి ఆగుతుంది. మొత్తం 48. గేదె ముందు సరిగ్గా ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు అదే మనిషి, అంతే చురుకు, అదే కారు, అవే బ్రేకులు, 80లో వస్తున్నాడు. ఏ తప్పూ చెయ్యలేదు. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ఆ ఒకటిన్నర సెకన్లలోనే 33 మీటర్లు పోయాయి. బ్రేకుకు మిగిలింది 15 మీటర్లు. లెక్క వేస్తే గేదెను తాకే క్షణంలో బండి ఇంకా 64 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. అరవైవాడు పూర్తిగా ఆగిపోయిన చోట ఎనభైవాడు అరవై నాలుగులో గుద్దుతున్నాడు. వేగంలో తేడా 20 మాత్రమేనని మనం అనుకుంటాం. గుద్దే చోట ఆ తేడా 64. ఎందుకంటే బ్రేక్ తినాల్సింది వేగాన్ని కాదు, వేగం వర్గానికి తగ్గట్టు పెరిగే శక్తిని.

ఇప్పుడు తప్పును కలుపుదాం. ఒకే ఒక్క సెకను ఫోన్ వైపు చూశాడు. అంతకు మించి ఏమీ లేదు. అరవైలో పోయేవాడికి ఆ సెకను ఖరీదు దాదాపు 17 మీటర్లు. అతను 51 కిలోమీటర్ల వేగంతో గుద్దుతాడు. మూడంతస్తుల మేడ మీంచి పడ్డంత దెబ్బ. అదే తప్పు నలభైలో పోయేవాడు చేశాడు. అతనికి మొత్తం 38 మీటర్లు పట్టింది. గేదెకు ఇవతల 10 మీటర్ల దూరంలో ఆగాడు, ఒకసారి హారన్ కొట్టాడు, అది లేచి పక్కకు పోయింది. ఇంటికొచ్చి ఆ సంగతి ఎవరికీ చెప్పను కూడా చెప్పడు. తప్పు చేశానని అతనికే తెలియదు.

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ తప్పూ చెయ్యని ఎనభైవాడు 64లో గుద్దాడు. తప్పు చేసిన అరవైవాడు 51లో గుద్దాడు. అదే తప్పు చేసిన నలభైవాడికి ప్రమాదమే జరగలేదు. కాలనీ టీ దగ్గర వాదన తెగకపోవడానికి కారణం ఇదే. వేగం, తప్పు పోటీదారులు కావు. ఒకటి ఉంటే ఇంకొకటి ఉండకూడదన్న నియమం లేదు. తప్పుతో ప్రమాదం మొదలవుతుంది. దాన్ని దిద్దుకునే వ్యవధి ఉందా లేదా, దిద్దుకోలేకపోతే తగిలేది గాయమా, చావా అన్నది వేగం తేలుస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చేది వేగమే.

ఒక్క కారు లెక్క సరే, ఊరంతటి లెక్క మాటేమిటి? స్వీడన్ పరిశోధకుడు గోరన్ నిల్సన్ వేగ పరిమితులు మార్చిన రోడ్ల అనుభవం నుంచి ఒక సూత్రం తీశారు. ఒక రోడ్డు మీద సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు నాలుగు శాతం పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతుంది. ఈ లెక్కన సగటు 60 నుంచి 66కు పెరిగితే చావులు దాదాపు సగం మేర పెరుగుతాయి; 60 నుంచి 54కు తగ్గితే మూడో వంతు తగ్గుతాయి. ఇక్కడ డ్రైవర్ల నైపుణ్యం మారలేదు, వాళ్ళ తప్పుల సంఖ్యా మారలేదు. కాలినడకన పోయేవాడికి ఇంకా ఘోరం. కారు 50లో కాకుండా 65లో గుద్దితే పాదచారి చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లవుతుందని అదే సంస్థ చెబుతోంది. నవరాత్రుల్లో సప్తమి రాత్రి బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ దాకా వేలమంది మహామాయ దర్శనానికి చెప్పుల్లేకుండా రోడ్డు వెంట నడుస్తారు. ఆ రాత్రి ఆ రోడ్డు మీద ఎంత వేగం తగునో ఈ ఒక్క సంగతే చెబుతుంది.

‘‘అలా అయితే మెల్లగా పోయేవాడే అడ్డం కదా, అందరూ ఒకే వేగంలో పోతే ప్రమాదాలు ఉండవు’’ అని చదువుకున్నవాళ్ళు కూడా అంటుంటారు. దీనికీ ఒక మూలం ఉంది. 1964లో అమెరికాలో డేవిడ్ సోలమన్ అనే పరిశోధకుడు, సగటు కన్నా బాగా తక్కువ వేగంలో పోయే బండ్లు కూడా ఎక్కువ ప్రమాదాల్లో పడుతున్నాయని చూపించారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ లెక్కను తిరగేస్తే, ఆ ‘మెల్లగా పోయే’ బండ్లలో చాలావరకు మలుపు తిరగడానికి ఆగినవో, తిరుగుతున్నవో అని తేలింది. వాటిని తీసేస్తే మెల్లగా పోవడంలోని ఆ ప్రమాదం చాలామేరకు కరిగిపోయింది. పైగా కోటా రోడ్డు మీద సైకిలు పన్నెండులో పోతుంది, వరికోత కాలంలో ట్రాక్టర్ ట్రాలీ ఇరవైలో పోతుంది. వాటిని ఎనభైకి తీసుకురాలేం. తేడా తగ్గాలంటే దిగిరావలసింది ఎనభైవాడే.

ఆ తొందర వల్ల కలిసొచ్చేది ఎంత? బిలాస్‌పూర్ నుంచి కోటాకు 30 కిలోమీటర్లు అరవైలో అరగంట. ఎనభైలో ఇరవై రెండున్నర నిమిషాలు. అదీ దారి పొడుగునా ఎక్కడా బ్రేక్ వెయ్యకపోతే. మిగిలేది ఏడున్నర నిమిషాలు.

ఇంతవరకూ వేగాన్ని డ్రైవర్ ఒక్కడే ఎంచుకుంటున్నట్టు మాట్లాడాను. అది సగం నిజం. మిగతా సగం గురించి మన దగ్గర చాలా తక్కువ మాట్లాడతారు, నాకు బాధ కలిగించేది అదే.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. లారీ ఒక్కటే దాదాపు రెండున్నర మీటర్లు ఉంటుంది. ఎదురుగా హైవా వస్తే (టిప్పర్‌ను ఇక్కడ హైవా అంటారు) బైకువాడు తారు దిగక తప్పదు. పాత తారు మీద కొత్త తారు, దాని మీద ఇంకో తారు వేసుకుంటూ పోయారు. పక్కన మట్టి మాత్రం ఎత్తు పెంచలేదు. వానకు అది ఇంకా కోసుకుపోయింది. ఇప్పుడు తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు మెట్టు. బైకు ముందు చక్రం ఆ మెట్టు దిగడం ఒక గండం, మళ్ళీ ఎక్కడం ఇంకో గండం. ఎక్కేటప్పుడు టైరు పక్కగోడ అంచుకు రాసుకుంటూ జారుతుంది, హ్యాండిల్ ఒక్కసారిగా మెలిపడుతుంది, మనిషి వెళ్ళి సరిగ్గా లారీ వెనక చక్రం వైపు పడతాడు. కాగితం మీద ఇది ‘అజాగ్రత్తగా నడిపి అదుపుతప్పి’ అవుతుంది. ఆ జానెడు మెట్టు ఏ కాలమ్‌లోనూ నమోదు కాదు.

హైవా డ్రైవర్ సంగతీ చూడాలి. ఇసుకైనా, గిట్టి (కంకర) అయినా, బొగ్గయినా చాలాచోట్ల చేతికొచ్చేది ట్రిప్పు లెక్కన. నాలుగు ట్రిప్పులు కొట్టినవాడికీ ఆరు కొట్టినవాడికీ కూలి ఒకటి కాదు. మోటార్ రవాణా కార్మికుల చట్టం 1961 నుంచి 2025 దాకా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెబుతూనే వచ్చింది. రాత్రి రెండింటికి ధాబా దగ్గర ముఖం కడుక్కుని మళ్ళీ స్టీరింగ్ ఎక్కే మనిషిని ఆ గంటల గురించి అడిగి చూడండి. మూడు సెకన్లు కళ్ళు మూతపడితే అరవైలో 50 మీటర్లు పోతుంది. కునుకు అతని తప్పే అందాం. కునుకు వచ్చేదాకా నడిపించింది ఎవరు?

2024 మే 20న ఛత్తీస్‌గఢ్‌లోనే కబీర్‌ధామ్ జిల్లాలో బాహ్‌పానీ దగ్గర ఒక పికప్ వాహనం లోయలో పడి 19 మంది బైగా గిరిజనులు చనిపోయారు. ఎక్కువమంది స్త్రీలు. తునికాకు సేకరణకు వెళ్ళి తిరిగొస్తున్నారు. బండి సామాన్లు మోసేది, అందులో మనుషులను నింపారు. డ్రైవర్ తప్పును ఎంతసేపైనా విచారించవచ్చు. ఆ అడవిలో ఆకు ఏరే మనిషి ఇంటికి చేరడానికి ఇంకో బండి ఉందా అన్నది అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. హైకోర్టు ఆ సంఘటనను తనంతట తానే విచారణకు తీసుకుంది.

మన తెలుగు నేల మీద 2025 నవంబర్ 3 ఉదయం చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో జరిగింది ఇదే వరుస. తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది పోయారు. టిప్పర్లోని కంకరంతా బస్సులోకి కుమ్మరించుకుంది, కొందరు దాని కిందే ఊపిరాడక పోయారు. వేగమా, తప్పా అని టీవీల్లో ఆ రోజంతా చర్చ జరిగింది. బరువు మోసే టిప్పర్లు, కిక్కిరిసిన బస్సులు ఎదురెదురుగా పోయే ఆ హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు మధ్యలో డివైడర్ లేదు. పక్కన మర్రిచెట్ల వివాదంతో విస్తరణ ఏళ్ళ తరబడి ఆగిపోయింది. చెట్లు కాపాడాలన్నవాళ్ళ ఆవేదన నిజం, రోడ్డు అడిగినవాళ్ళ ఆవేదనా నిజం. రెండింటికీ మధ్య దారి వెతకాల్సినవాళ్ళు ఆలస్యం చేశారు. తిలా పాపం తలా పిడికెడు. కేసు మాత్రం నడిపినవాడి మీదే నమోదవుతుంది.

ఇక రైలు సంగతికి, మొదట చెప్పిన ఆ తేడాకు వస్తాను.

లోకో పైలట్ ఇంట్లో పుట్టినవాళ్ళకు ‘ఎల్‌ఆర్’ అంటే చెప్పక్కర్లేదు. లెర్నింగ్ రోడ్. కొత్త సెక్షన్‌లో బండి పట్టాలంటే ముందు ఆ దారి నేర్చుకోవాలి. ఏ సిగ్నల్ ఎక్కడుంది, ఎక్కడ మలుపు, ఎక్కడ దిగుడు అని వేరొకరి పక్కన కూర్చుని చూసి, నాకు దారి తెలుసని సంతకం పెట్టాలి. కర్గీ రోడ్ దాటి బెల్గహనా, ఖోంగ్‌సరా మీదుగా భన్వర్‌టోంక్ కొండ ఎక్కే దారికి ఇది ఎంత అవసరమో ఆ లైన్‌లో చేసినవాళ్ళకు తెలుసు. ట్రాక్ పని జరుగుతుంటే చేతికి కాషన్ ఆర్డర్ ఇస్తారు. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా ఇంత వేగమే అని. లైన్ పక్కన బోర్డులు కూడా పెడతారు. పట్టాల పరిస్థితి బట్టి వేగం మారుతుంది, మార్చేది పట్టాల బాధ్యత ఉన్నవాళ్ళు. కాసేపు ఏ మీటా కదపకపోతే విజిలెన్స్ పరికరం మోగుతుంది. అప్పటికీ పైలట్ స్పందించకపోతే బ్రేక్ దానంతట అదే పడుతుంది. మనిషికి కునుకు పడుతుందని రైల్వే ముందే ఒప్పుకుంది. ఒప్పుకున్నాక అతన్ని తిట్టి ఊరుకోకుండా, కునుకు పడినా బండి ఆగే ఏర్పాటు చేసింది.

2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్‌గిద్ద మధ్య, రైళ్ళు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థను పరీక్షించినప్పుడు రైల్వే మంత్రి ఇంజన్‌లో కూర్చున్నారు. ఎదురుగా ఇంకో ఇంజన్‌ను పెట్టి, పైలట్‌ను బ్రేక్ ముట్టుకోవద్దన్నారు. బండి తనంతట తానే 380 మీటర్ల ఇవతల ఆగింది. తప్పు జరగనిచ్చి, దాని ఫలితాన్ని ఆపారు.

ఇదంతా అన్ని లైన్లకూ చేరలేదన్నది కూడా నిజం. 2025 నవంబర్ 4న, చేవెళ్ళ ప్రమాదం మర్నాడే, గేవ్రా రోడ్ నుంచి వస్తున్న మెము రైలు బిలాస్‌పూర్ దగ్గర ఆగి ఉన్న గూడ్సును వెనక నుంచి గుద్దింది. లోకో పైలట్‌తో సహా పదిమందికి పైగా చనిపోయారు. సిగ్నల్ దాటారన్న మాట ఆ రాత్రే బయటికొచ్చింది. అయినా రైల్వేలో అక్కడితో ఫైలు మూసెయ్యరు. విచారణ రైల్వే సేఫ్టీ కమిషనర్ చేతికి వెళుతుంది; ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. పైలట్ శిక్షణ ఏమిటి, ఎన్ని గంటల డ్యూటీలో ఉన్నాడు, సిగ్నల్ ఎంత దూరం నుంచి కనబడుతుంది, ఆపగలిగే పరికరం అక్కడ ఎందుకు లేదు అని ప్రతి మెట్టునూ అడుగుతారు. ఏటా లక్షన్నరకు పైగా మనుషులను మింగే రోడ్డుకు ఇలాంటి అడిగే మనిషి ఒక్కరు కూడా లేరు. ఎస్‌ఐ ఒక్కడే అక్కడికి వెళతాడు, ఒక సెక్షన్ రాస్తాడు.

రైలూ రోడ్డూ కలిసే చోట మనకు తగిలిన దెబ్బ మాసాయిపేట. 2014 జులై 24న మెదక్ జిల్లాలో కాపలా లేని గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ గుద్దింది. డజనుకు పైగా పిల్లలు పోయారు. డ్రైవర్‌ది తప్పా అంటే తప్పే. ఆగి, రెండు వైపులా చూసి దాటాలన్నది నియమం. కానీ ఆ నియమం దశాబ్దాలుగా ఉంది, చావులూ దశాబ్దాలుగా ఉన్నాయి. చివరికి ఏం చేశారు? కొన్ని గేట్లు మూశారు, కొన్నిచోట్ల కింద నుంచి దారి తవ్వారు, కొన్నిచోట్ల గేట్‌మన్‌ను పెట్టారు. 2019 జనవరి కల్లా బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేటు లేకుండా పోయింది. దేశంలో డ్రైవర్లందరూ ఒక్కసారిగా జాగ్రత్తపరులయ్యే రోజు కోసం ఎదురుచూడలేదు. ఆ తప్పు చెయ్యడానికి చోటే లేకుండా చేశారు.

రోడ్డు మీదా ఇది చెయ్యవచ్చా? తెలుగు నేలకు పక్కనే తమిళనాడు ఉంది. అక్కడ 2016లో రోడ్డు ప్రమాదాల్లో 17,218 మంది చనిపోయారు, 2019కి ఆ సంఖ్య 10,525కు దిగింది. మూడేళ్ళలో ఒక రాష్ట్రపు డ్రైవర్ల స్వభావం మారిపోదు. వరుసగా ప్రమాదాలు జరిగే చోట్లను గుర్తించి రోడ్డు సరిచేశారు, అంబులెన్స్ త్వరగా చేరేలా చూశారు, వేగం మీదా తాగి నడపడం మీదా తనిఖీ పెంచారు. స్వీడన్ 1997లోనే దీన్ని చట్టసభలో విధానంగా ఆమోదించింది: మనిషి తప్పు చేస్తాడు, ఆ తప్పుకు శిక్ష మరణం కాకుండా రోడ్డును కట్టాలి, మనిషి ఒళ్ళు తట్టుకోగల వేగాన్నే అనుమతించాలి.

కాబట్టి కాలనీ వాదనలో నన్ను మధ్యవర్తిగా కూర్చోబెడితే, వేగం పక్షానికే మొగ్గుతాను. కారణం నైతికమైనది కాదు. తప్పును ఆజ్ఞతో ఆపలేం. అలసిన కన్ను, మరిచిన ఇండికేటర్, పసిపిల్ల ఏడుపుకు తిరిగిన తల ఎప్పుడూ ఉంటాయి. వేగాన్ని మాత్రం ముందే నిర్ణయించుకోవచ్చు. డ్రైవర్ నిర్ణయించుకోవచ్చు, రోడ్డు కట్టే ఇంజనీరు నిర్ణయించవచ్చు, ట్రిప్పు కూలి ఇచ్చే యజమాని నిర్ణయించవచ్చు. వేగమే కారణమని ఎఫ్‌ఐఆర్‌లో రాసి డ్రైవర్‌ను పట్టుకెళ్ళి ఊరుకుంటే మాత్రం, మిగతా ఇద్దరూ తప్పించుకుంటారు.

చట్టంలో ఇందుకు కొంత చోటు ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన సెక్షన్ 198-ఏ ప్రకారం, రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా కాంట్రాక్టర్‌కు, రోడ్డు శాఖకు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. మొత్తం చిన్నదే, కానీ రోడ్డు కూడా ముద్దాయి కాగలదని ఒప్పుకోవడం పెద్ద మాట. సెక్షన్ 164 కింద, ఎవరి తప్పో రుజువు చెయ్యకుండానే, మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు పరిహారం అడగవచ్చు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకు ఏడు రోజుల్లోపు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం అనే పథకం కూడా ఉంది. ఆస్పత్రిలో మొదటి మాటగా దాన్ని అడగాలి.

మీ వీధిలో ప్రమాదం జరిగిన రోజు చెయ్యదగ్గ పని ఇంకొకటి ఉంది. గాయపడ్డవాళ్ళను పంపాక, పోలీసు కొలతలు తీసుకునే వేళకు అక్కడే ఉండండి. తారు అంచు మట్టికి ఎంత ఎత్తులో ఉంది, మలుపులో కొమ్మలు అడ్డం ఉన్నాయా, స్పీడ్ బ్రేకర్‌కు తెల్లరంగు ఉందా చెరిగిందా, వీధి దీపం వెలుగుతోందా, బ్రేకు గీత పొడుగెంత, ఇవన్నీ ఫోన్‌లో ఫోటో తీసి, తేదీ వేసి స్టేషన్‌లో ఇవ్వండి. ఐఐటీ మద్రాస్ తయారుచేసిన ‘ఐరాడ్’ యాప్‌లో ఇప్పుడు పోలీసులు ప్రమాదం వివరాలు ఎక్కిస్తున్నారు. అందులో రోడ్డు శాఖ ఇంజనీరు వచ్చి చూసి నింపాల్సిన భాగం వేరే ఉంది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రత కమిటీ కూర్చుంటుంది. ఆ భాగం నిండిందా లేదా, నింపిన ఇంజనీరు ఏం రాశాడు అని ఆ కమిటీకి ఒక అర్జీ రాసి, రసీదు తీసుకోండి.